గోడను తాకని పట్టీ

వాన మొదలై ఇంకా పెరడైనా సరిగ్గా తడవలేదు, హైమావతి ఇంట్లో పప్పుగిన్నె గురించి గొడవ మొదలైంది.

"ఇల్లంతా గాలించినా మీకు ఇదొక్కటే కనబడిందా?" అంది హైమావతి, వసారాలో మంచం పక్కన పెట్టి ఉన్న ఇత్తడి గిన్నెను చూపిస్తూ. మొన్ననే కళాయి పోయించిన గిన్నె. పైనుంచి చుక్క పడినప్పుడల్లా ఖంగుమంటోంది.

"మంచం పక్కన ఇరుకులో బకెట్టు పట్టడం లేదు. బేసిన్ పెడితే చిందుతోంది. దీని లోతు సరిగ్గా సరిపోయింది," అన్నాడు శోభనాచలం. ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. చేసిన ప్రతి పనికీ ఒక కారణం చూపించగలడు.

"రేపు ఇందులో పప్పు వండితే తింటారా?"

"కడిగితే తింటాను."

"కడిగేదెవరు?"

దీనికి లెక్కల్లో జవాబు లేదు కాబట్టి ఆయన పేపరు చేతిలోకి తీసుకున్నాడు.

మంచం మీద ముడుచుకుని కూర్చున్న వెంకాయమ్మగారు, అంటే శోభనాచలం తల్లి, దుప్పటి తలమీదికి లాక్కుని, "గిన్నె ఏదైతేనేం గానీ, నా చెవిలో గంట కొట్టకుండా ఉంటే చాలు. కాసేపు కునుకు తీద్దామంటే పూజారి హారతికి లేపినట్టు లేపుతోంది," అంది.

ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మేడమెట్లు ఎక్కలేదు. కింద ఉన్నవి వంటిల్లు, హాలు, వెనక రేకుల వసారా. గాలి బాగా వస్తుందని ఆవిడే వసారాలో మంచం వేయించుకుంది. ఈ ఏడు తొలకరి నుంచీ ఆ మంచం ఒకచోట నిలవలేదు. ఉత్తరానికి జరిపారు, తూర్పుకి జరిపారు, ఇప్పుడు వంటింటి గుమ్మానికి అడ్డంగా వచ్చి ఆగింది. ఇంకొక్క వాన గట్టిగా పడితే జరపడానికి చోటు లేదు. "అప్పుడు చిలకలూరిపేటలో మా అమ్మాయింటికి పోతాను. అక్కడ స్లాబు," అని ఆవిడ ముందే చెప్పి పెట్టింది. బెదిరింపుగా కాదు, బస్సు టైము చెప్పినంత మామూలుగా చెప్పింది. అందుకే హైమావతికి గుబులు. పెళ్లయినప్పటి నుంచీ ఆ ఇంట్లో తన చారు రుచిగా ఉందని నోరు తెరిచి చెప్పిన మనిషి అత్తగారొక్కతే.

కారేది పెద్ద వింతేమీ కాదు. వసారాకి ఒకవైపు కాలనీ కమ్యూనిటీ హాలు గోడ. రేకులు ఆ గోడ దగ్గర మొదలై పెరటి వైపు వాలుగా దిగుతాయి. రేకు అంచుకీ గోడకీ మధ్య వేలు దూరేంత సందు. వాన పడితే నీళ్లు గోడ వెంట జారి ఆ సందులోంచి మంచం మీదికి దిగుతాయి. రేకుల పని చేసే మస్తాన్ ఒకసారి తలెత్తి చూసి, "గోడకి గాడి కొట్టాలమ్మగారూ. రేకు పట్టీ వంచి, పైఅంచు గాడిలో దూర్చి సిమెంటు పెట్టేస్తాను. కిందంచు రేకుల మీదికి వాల్తుంది. గోడ మీద జారే నీళ్లు పట్టీ మీద పడి రేకుల మీదుగా పోతాయి. పొద్దున మొదలెడితే భోజనాల వేళకి అయిపోద్ది," అన్నాడు.

అవలేదు. ఎందుకంటే ఆ గోడ సంఘానిది. సంఘానికి పద్నాలుగో నిబంధన ఉంది.

పద్నాలుగో నిబంధన రాసింది హైమావతి.

చంద్రికా విహార్ గృహస్థుల సంక్షేమ సంఘానికి ఆవిడ కార్యదర్శి. బి.ఎస్సీ. చదివింది. కిరాణా కొట్టు బోర్డు మీద వత్తు తప్పితే సరుకు తీసుకోకుండా ముందు ఆ సంగతి చెప్పే రకం. నిరుడు వినాయక చవితికి ఎవరో షామియానా తాడు కోసం హాలు గోడకి మేకు కొడితే, జంబుఖానా అంత పెచ్చు ఊడి పడింది. కమిటీ కూర్చుంది. "గోడలకు మేకులు కొట్టరాదు" అని రాద్దామన్నారు అధ్యక్షులు పాండురంగారావుగారు. హైమావతి ఒప్పుకోలేదు.

"మేకు వద్దంటే మర బిగిస్తారండీ."

"అయితే గుచ్చరాదు అందాం."

"గుచ్చకుండా అంటిస్తారు."

"అంటించరాదు."

"గీస్తారు."

అలా ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోతే వాక్యం తోరణంలా పొడుగైంది. అప్పుడు హైమావతి అన్నిటినీ కొట్టేసి ఒకే ఒక్క మాట పెట్టింది. "సంఘానికి చెందిన గోడలను ఎవరూ, ఏ కారణం చేతనైనా తాకరాదు." దాని కింద, "ఉల్లంఘించిన ఇంటివారు సంఘంలో ఏ పదవికీ అర్హులు కారు," అని రెండో వాక్యం. కమిటీ చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి కూర మాడినా ఆవిడకి బాధ కలగలేదు.

నిబంధనను బోర్డు మీద రాయించారు. బోర్డును గోడకి తగిలించడానికి వీల్లేదు కాబట్టి దానికి కాళ్లు పెట్టించి గోడ ముందు నిలబెట్టారు. కుర్చీల వీపులు గోడలకి తగులుతాయని హాల్లో సమావేశాలు మానేశారు. సంఘం కుర్చీలు, బీరువా, మైకుతో సహా కార్యదర్శిగారింటికి చేరాయి. అందుకే ఇప్పుడు హైమావతి ఇంటి హాల్లో మంచం పట్టేంత ఖాళీ లేదు.

అర్జీ పెట్టుకుంది హైమావతి. కార్యదర్శి పేరిట రాయాలి కాబట్టి తనకి తనే రాసుకుంది. అందినట్టు సంతకం చేసి, కమిటీ ముందు పెట్టింది.

పాండురంగారావుగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యారు. వసారాలోకి వచ్చి కళ్లజోడు సవరించుకుని పైకి చూశారు. చుక్క వచ్చి కుడి అద్దం మీద పడింది.

"తేమకు సంబంధించిన లక్షణాలు ప్రాథమికంగా గోచరిస్తున్నాయి," అన్నారు.

"కారుతోంది నాయనా," అంది వెంకాయమ్మగారు.

"అది తుది నివేదికలో తేలుతుందమ్మా."

సలహాదారు లక్ష్మణస్వామిగారు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి వచ్చిన మనిషి. ఆయన నీళ్ల వంక చూడలేదు, హద్దులు చూశారు. "గోడ సంఘానిది. రేకులు వీరివి. మధ్యనున్న సందు ఎవరిది? ఏ దస్తావేజులోనూ రాలేదే! యజమాని లేని స్థలంలోంచి వస్తున్న నీటికి బాధ్యులెవరు?"

ఆ ప్రశ్నకి రెండు సమావేశాలు, బోలెడు పకోడీలు ఖర్చయ్యాయి. చివరికి సందుకు 'ఉభయేతర ప్రదేశం' అని పేరు పెట్టారు. పేరు పెట్టాక అందరికీ సగం పని అయిపోయినట్టే అనిపించింది.

ఇక మిగిలింది గాడి. "మినహాయింపు ఇద్దామా?" అన్నారు పాండురంగారావుగారు, హైమావతి వైపు చూస్తూ. ఒక్క మాట, "ఇవ్వండి," అని ఉంటే సరిపోయేది. కానీ తను రాసిన నిబంధనకి తన వసారా కోసమే చిల్లు పెట్టించుకోవడమా? వీధిలో నలుగురూ ఏమనుకుంటారు? అంతకంటే, ఆ వాక్యం ఏమైపోవాలి? "ఏ కారణం చేతనైనా" అన్న చోట "కార్యదర్శిగారి రేకులు తప్ప" అని దూర్చడం ఊహించుకుంటేనే ఆవిడకి పంటి కింద రాయి పడ్డట్టయింది.

"మినహాయింపు అక్కర్లేదండీ," అంది. "గోడను తాకకుండా పట్టీ పెట్టించుకుంటాను."

లక్ష్మణస్వామిగారు మెల్లగా, "అదీ చట్టం తెలిసిన మనిషి మాట!" అన్నారు. హైమావతి సిగ్గుపడి లోపలికెళ్లి ఇంకో వాయి పకోడీలు వేసింది.

"తాకకుండా అంటే ఎలాగమ్మగారూ?" అన్నాడు మస్తాన్.

"ఒక వేలెడు ఎడంగా."

"మరి ఆ ఎడంలోంచి నీళ్లు..."

"ముందు పెట్టవయ్యా."

"మీరెలా అంటే అలాగే. నాదేం పోయింది, నాకూ కొత్త రకం పని నేర్చుకున్నట్టుంటుంది," అని అతను ఉత్సాహంగా పైపులు నిలబెట్టి, పట్టీని వాటికి బిగించాడు. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదని ఎవరో అడ్డుపడితే, ఇది కొత్త పని కాదు మరమ్మతని కమిటీ తేల్చింది. కొబ్బరికాయ మాత్రం కొట్టింది. పాండురంగారావుగారు శుభలేఖ అట్టముక్క ఒకటి తీసి పట్టీకీ గోడకీ మధ్య ఈ చివర నుంచి ఆ చివరిదాకా లాగి చూశారు. ఎక్కడా తట్టలేదు. "సంపూర్ణ అస్పర్శ నెలకొన్నది," అని ప్రకటించారు. హైమావతి మినిట్స్‌లో, 'పట్టీ గోడకు గౌరవప్రదమైన దూరంలో ఉన్నది,' అని రాసుకుంది. 'గౌరవప్రదమైన' అన్న మాట తనకే నచ్చింది.

ఆ సాయంత్రమే వాన పడింది. ఇదివరకు అక్కడో చుక్క ఇక్కడో చుక్క పడేది. ఇప్పుడు పట్టీ నీళ్లన్నిటినీ పోగుచేసి మంచం పొడుగునా పరదాలా దింపింది.

"పట్టీ అద్భుతంగా పనిచేస్తోంది," అన్నారు పాండురంగారావుగారు గొడుగు కింద నిలబడి. "నీటిని ఒక క్రమశిక్షణలోకి తెచ్చింది. లోపం ఉన్నదల్లా సందులోనే."

"అయితే సందు మీద ఇంకో పట్టీ," అన్నారు లక్ష్మణస్వామిగారు. "అదీ తాకకుండా."

రెండో పట్టీకీ గోడకీ మధ్య అట్టముక్క పట్టలేదు, పోస్టుకార్డు పట్టింది. మూడో పట్టీ వేసినప్పుడు పోస్టుకార్డు కూడా పట్టలేదు. పక్కింటి రావమ్మగారి దగ్గర్నుంచి పూలదారం తెప్పించి రెండు చివర్లా ఇద్దరు పట్టుకుని లాగారు. దారం సాఫీగా వచ్చింది. నీళ్లూ వచ్చాయి. పట్టీల మీద పట్టీలు మెట్లుమెట్లుగా లేచి, బొమ్మల కొలువు పెట్టడానికి తయారుగా ఉన్నట్టు కనిపించింది వసారా.

ఇంతలో వరసలో ఉన్న మిగతా ఇళ్లవాళ్లు కదిలారు. కార్యదర్శిగారింటికి ఉన్నది తమకెందుకు లేదని అడిగారు. వాళ్ల వసారాలు కారవు. వాళ్లవి గోడ దగ్గరికే రావు. అయినా న్యాయం న్యాయమే. కారని రేకులకి కూడా గోడను తాకని పట్టీలు బిగించారు. గాలి వీస్తే కాలనీ అంతా తాళాలు వాయించినట్టు మోగేది. పక్క కాలనీ సంఘంవారు చూడ్డానికి వచ్చారు. హైమావతి వాళ్లకి టీలు ఇచ్చింది. పాండురంగారావుగారు వసారాలో నిలబడి ఉపన్యసించారు.

"నీటిని అడ్డుకోవడం పాతకాలపు ఆలోచన. మా సంఘం నీటికి మర్యాదగా దారి చూపుతోంది."

"ఆ దారి నా మంచం మీదికే చూపించారు," అంది వెంకాయమ్మగారు.

వచ్చినవాళ్లు నవ్వారు. ఆవిడ ఛలోక్తి విసిరిందనుకున్నారు. హైమావతీ నవ్వబోయింది. అప్పుడు అత్తగారి దుప్పటి కొంగు నుంచి నీళ్లు కారుతుండటం కనిపించి నవ్వు సగంలో ఆగింది.

అప్పటికి గోడ కూడా మారింది. పట్టీల వెనక ఎండ తగలక, నీరు ఇంకి, సున్నం రంగు పచ్చబడి పెళ్లివిందు తిన్న పెద్దమనిషి పొట్టలా ముందుకు ఉబ్బింది. తడి ఎంతవరకు ఎక్కిందో చేత్తో నొక్కి చూద్దామన్నాడు శోభనాచలం. లక్ష్మణస్వామిగారు గతుక్కుమన్నారు. "చేత్తో చూడటం అంటే తాకడమేనండి!" శోభనాచలం భార్య వైపు చూశాడు. హైమావతి తలూపింది. తాకడమే. వాక్యంలో సందేహానికి చోటు లేదు. అంత బాగా రాసినందుకు ఆవిడకి మొదటిసారి కాస్త చిరాకు వేసింది.

మూడో పట్టీని మళ్లీ తనిఖీ చేయడానికి కమిటీ వచ్చిన రోజున ఇంకో సంగతి బయటపడింది. గోడ మీద, ఉబ్బిన చోటికి కాస్త పక్కగా, ఐదువేళ్ల గుర్తు. తడి సున్నంలో లోతుగా దిగి, గడప మీద పసుపుచెయ్యి వేసినంత స్పష్టంగా ఉంది.

పాండురంగారావుగారు ఒక అడుగు వెనక్కి వేశారు. "ఇది... ఎవరిది?"

"నాదే నాయనా," అంది వెంకాయమ్మగారు మంచం మీద నుంచి. "పొద్దున మొహం కడుక్కోడానికి లేస్తే నేలంతా నీళ్లు. కాలు జారింది. గోడ పట్టుకున్నాను."

"గోడను పట్టుకున్నారా?" అన్నారు లక్ష్మణస్వామిగారు.

"పడిపోయేటప్పుడు గోడ కాక మీ నిబంధన పట్టుకోమంటావా?"

"దెబ్బ తగిలిందా అత్తయ్యా?" అంది హైమావతి. "నాకు చెప్పలేదేం?"

"నువ్వు మీటింగులో ఉన్నావుగా. నా మంచం మీద కారడం గురించేగా మీటింగు. మధ్యలో లేపడమెందుకని ఊరుకున్నాను." ఆవిడ చీర కాస్త పైకి జరిపింది. మోకాలు కందగడ్డలా వాచి ఉంది.

కమిటీ మోకాలు చూసి చింతించింది. గోడ చూసి తీర్మానించింది. "మానవీయ కోణంలో సానుభూతి, నిబంధన కోణంలో నోటీసు," అన్నారు పాండురంగారావుగారు. "ఇంటివారు కాబట్టి నోటీసు మీ ఇంటికే రావాలి, కార్యదర్శిగారూ. రాయవలసింది కూడా మీరే. అయితే మీ పదవికి ఇబ్బంది లేకుండా, జారడం వల్ల తాకినది సంపూర్ణ స్పర్శా, ఆకస్మిక స్పర్శా అన్న అంశంపై ఉపసంఘం వేద్దాం. అంతవరకు పెద్దావిడను ఆ గోడ వైపు నడవకుండా చూసుకోండి."

వాళ్లు వెళ్లాక హైమావతి కాగితం తీసుకుని కూర్చుంది. అలవాటైన చెయ్యి కాబట్టి అక్షరాలు చక్కగా వచ్చాయి. 'శ్రీమతి వెంకాయమ్మగారికి. తాము పడిపోవు సందర్భమున సంఘపు గోడను...' అక్కడ కలం ఆగింది. 'పడిపోవు' అనాలా, 'పడిపోబోవు' అనాలా అని ఆలోచిస్తున్నానని తనకే తెలిసొచ్చింది. వసారాలో అత్తగారు చేతిసంచిలో చీరలు సర్దుకుంటోంది. గిన్నెలో చుక్క ఖంగుమంటోంది. తను వత్తులు సరిచూసుకుంటోంది.

ఎవరైనా ఆ క్షణంలో తనను చూసి పదో క్లాసు పాఠంలో పెడితే, కింద 'ఈమె చేసిన తప్పేమిటి?' అన్న ప్రశ్నకి వెనక బెంచీ పిల్లలు కూడా జవాబు రాస్తారనిపించింది. నవ్వొచ్చింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, లేచి, పప్పుగిన్నెలో నీళ్లు పెరట్లో పారబోసింది. చింతపండు వేసి మెరుగొచ్చేదాకా తోమింది. కందిపప్పు కడిగి పొయ్యి మీదికి ఎక్కించింది.

మధ్యాహ్నం భోజనాలకి ముగ్గురూ వంటింటి దగ్గరే కూర్చున్నారు. వెంకాయమ్మగారు గుమ్మానికి అడ్డంగా ఉన్న మంచం మీదే కంచం పెట్టుకుంది. చేతిసంచి పక్కనే ఉంది. హైమావతి గిన్నె మధ్యలో పెట్టి మూత తీసింది. దోసకాయ పప్పు. ఇంగువ వాసన వసారాలో చెమ్మవాసనని కాస్త వెనక్కి నెట్టింది.

"ఒక సంగతి చెప్పాలి," అంది హైమావతి వడ్డిస్తూ. "మస్తాన్‌కి కబురు పెట్టాను, రేపు పొద్దున వస్తున్నాడు. ఈ మూడు పట్టీలూ పీకేసి గోడకి గాడి కొడతాడు. ఒకే పట్టీ, గాడిలో దూర్చి సిమెంటు పెడతాడు."

శోభనాచలం ముద్ద నోటి దగ్గర ఆపాడు. "పద్నాలుగో నిబంధన?"

"నాకు తెలుసు. నేనే రాశాను."

"పదవి పోతుంది హైమా."

"పోతుంది. రేపు మధ్యాహ్నానికి నాకు నేనే నోటీసు రాసుకుంటాను. అందినట్టు నేనే సంతకం చేస్తాను. నేరం ఒప్పుకుంటూ జవాబూ నేనే ఇస్తాను. వాళ్లకి ఉపసంఘం శ్రమ ఉండదు. సాయంత్రానికి కొత్త కార్యదర్శి వస్తారు. ఆ కుర్చీలు, బీరువా, మైకు వాళ్లింటికి పోతాయి. అప్పుడు మన హాలు ఖాళీ." అత్తగారి వైపు తిరిగింది. "సిమెంటు ఆరేదాకా మీ మంచం హాల్లో వేస్తాను అత్తయ్యా. ఆరాక మీ గాలి దగ్గరికి మీరు వచ్చేయొచ్చు. ఆ సంచి లోపల పెట్టనా?"

వెంకాయమ్మగారు పప్పు అన్నంలో కలుపుకుని ఒక ముద్ద తిన్నది. ఇంకో ముద్ద తిన్నది.

"ఇన్నాళ్లూ ఈ గిన్నెలో వాననీళ్లే చూశాను," అంది. "పప్పు బాగా కుదిరింది. సంచి తర్వాత పెడుదువుగానిలే, ముందు కాస్త నెయ్యి వెయ్యి."

బయట మబ్బు కమ్మింది. రేకుల మీద టపటపా మొదలైంది. పట్టీలు మూడూ వాటి వాటి గౌరవప్రదమైన దూరాల్లో నిలబడి మోగాయి. మంచం చివర మొదటి చుక్క పడింది. శోభనాచలం అలవాటు చొప్పున ఎడమచెయ్యి పప్పుగిన్నె వైపు చాచాడు.

"తాకరాదు," అంది హైమావతి.